ఒకే మడిలో రెండు తెగుళ్లు: పప్పుజాతి పశుగ్రాసాల బ్యాక్టీరియా వ్యాధుల చరిత్ర – పెద్దపల్లి నేపథ్యం

వ్యాససంగ్రహం

జనుము, జీలుగ, బొబ్బర, గోరుచిక్కుడు వంటి పప్పుజాతి మొక్కలు తెలంగాణలో పశువుల మేతగాను, పచ్చిరొట్ట ఎరువుగాను తరతరాలుగా సాగులో ఉన్నాయి. వీటికి సోకే బ్యాక్టీరియా వ్యాధులలో అనేకం 1948–1959 మధ్య పశ్చిమ భారతంలో శాస్త్రీయ నామాలు పొందాయి. అదే మడిలో వీటి తరువాత నాటే వరికి సోకే బ్యాక్టీరియా తెగులు మాత్రం ప్రభుత్వ విధానాలను, వంగడాల రూపకల్పనను ప్రభావితం చేసింది. ఈ వ్యత్యాసానికి మూలం సూక్ష్మజీవి తీవ్రతలో కంటే పైరు కోతకు వచ్చే కాలంలోను, విత్తనం వచ్చే దారిలోను ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. రామగుండం యూరియా పరిశ్రమ ఉన్న పెద్దపల్లి జిల్లాను ఇందుకు నేపథ్యంగా స్వీకరించింది.

కీలకపదాలు: పప్పుజాతి పశుగ్రాసాలు, పచ్చిరొట్ట పైర్లు, జాంతోమోనాస్, విత్తన ఆరోగ్యం, రామగుండం, వ్యవసాయ విజ్ఞాన చరిత్ర.

1. ఉపోద్ఘాతం

గోదావరి కుడి ఒడ్డున ఉన్న పెద్దపల్లి జిల్లా 2016 అక్టోబరు 11న పూర్వపు కరీంనగర్ జిల్లా నుండి ఏర్పడింది. జిల్లాకు ఉత్తరాన రామగుండం, గోదావరిఖని బొగ్గు గనులు ఉన్నాయి. పెద్దపల్లి, సుల్తానాబాద్ ప్రాంతాలలో శ్రీరాంసాగర్ ప్రాజెక్టు కాకతీయ కాలువ కింద వరి విస్తారంగా పండుతుంది. ఈ జిల్లా పేరు వినగానే బయటివారికి బొగ్గు, విద్యుత్తు, యూరియా గుర్తుకు వస్తాయి. పశుగ్రాసం గుర్తుకు రాదు. అయినా వానాకాలం వరికి ముందు దుక్కిలో చల్లే జీలుగ, జనుము గింజల బస్తాలు ఏటా మే, జూన్ నెలల్లో రైతుల ఇళ్లకు చేరుతూనే ఉన్నాయి.

ఈ పైర్లది రెండు దారుల జీవితం. పూత దశలో, అంటే సుమారు 45 రోజులకు, కలియదున్నితే పచ్చిరొట్ట ఎరువు. కోసి గాటి ముందు వేస్తే మేత. జనుము, పిల్లిపెసర రెండింటినీ గోదావరి, కృష్ణా డెల్టాలలో వరి కోతల తరువాత మిగిలిన తేమపై మేత కోసమే పెంచే అలవాటు ఉంది. అవిశ ఆకు మేకలకు ప్రీతికరం. బొబ్బర చొప్ప, ఉలవ పొట్టు తెలంగాణ పశుపోషణలో పాతకాలం నుండి ఉన్నవే. తెలంగాణలో గోకరకాయగా కూరకు వాడే గోరుచిక్కుడు రాజస్థాన్, హర్యానాలలో ప్రధానంగా మేత, గింజ పంట. కనుక ఇక్కడ పశుగ్రాసం, పచ్చిరొట్ట, పప్పుధాన్యం అనే విభజన మొక్కలను బట్టి కాక, రైతు కొడవలి ఎప్పుడు పట్టాడన్నదానిని బట్టి జరుగుతుంది. బ్యాక్టీరియా వ్యాధుల చరిత్రలో ఈ విషయం చివరి వరకు పనికివస్తుంది.

2. వేరులో మిత్రుడు, ఆకుపై శత్రువు

తెలుగులో ‘తెగులు’ అన్న మాట కారకాన్ని చెప్పదు. శిలీంధ్రం వల్ల వచ్చినా, వైరస్ వల్ల వచ్చినా, బ్యాక్టీరియా వల్ల వచ్చినా పైరు పాడైతే అది తెగులే. రైతు భాషలో విశేషణం చేరేది కంటికి కనిపించే లక్షణం నుండి: ఎండు, మాడు, కుళ్లు, బూడిద. ఇది భాషకు లోపమని భావించనక్కరలేదు. 19వ శతాబ్ది చివరి వరకు ఐరోపా శాస్త్రం కూడా ఇంతకంటే ఎక్కువగా చెప్పగలిగే స్థితిలో లేదు.

అమెరికాలోని ఇల్లినాయిలో థామస్ బరిల్ 1878 ప్రాంతంలో పియర్ చెట్ల అగ్గితెగులుకు బ్యాక్టీరియా కారణమని సూచించాడు. నెదర్లాండ్స్‌లో వాకర్ 1880లలో హయాసింత్ పూలమొక్కల పసుపు వ్యాధిని అదే కోవకు చేర్చాడు. ఇదే దశకంలో పప్పుజాతి మొక్కల వేరు బుడిపెల రహస్యం బయటపడింది. గాలిలోని నత్రజనిని ఈ మొక్కలు బుడిపెల సాయంతో వినియోగించుకుంటాయని హెల్‌రీగెల్, విల్‌ఫార్త్ 1886–1888 మధ్య నిరూపించారు. ఆ బుడిపెలలోని బ్యాక్టీరియాను బైయరింక్ 1888లో వేరుచేశాడు. అంటే పప్పుజాతి మొక్క దేహంలో బ్యాక్టీరియా నివసిస్తుందన్న సంగతి శాస్త్రలోకానికి మొదట మేలు రూపంలోనే తెలిసింది.

కీడు రూపాన్ని అంగీకరించడానికి మాత్రం వాదోపవాదాలు జరగవలసివచ్చింది. జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు ఆల్‌ఫ్రెడ్ ఫిషర్ 1897లో బ్యాక్టీరియా మొక్కలకు వ్యాధి కలిగించగలదన్న భావననే తోసిపుచ్చాడు. అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన ఎర్విన్ స్మిత్ 1901 వరకు ఆ వాదానికి అక్షరాలా తూటాల వంటి సమాధానాలిచ్చాడు. స్మిత్ 1897లోనే చిక్కుడుజాతికి చెందిన బీన్స్‌పై మాడు తెగులు కలిగించే బ్యాక్టీరియాను వర్ణించాడు. పప్పుజాతి మొక్కల బ్యాక్టీరియా వ్యాధుల చరిత్రకు అది తొలి మైలురాయి. దరిమిలా కార్నెల్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ బర్క్‌హోల్డర్ 1926లో బీన్స్‌పై పసుపు వలయంతో వచ్చే మచ్చ తెగులును, 1944లో బొబ్బరపై మాడు తెగులు కలిగించే బ్యాక్టీరియాను వర్ణించాడు.

భారతదేశంలో తొలి శ్రద్ధ బంగాళాదుంప మీద, పొగాకు మీద పడింది. మైసూరు సంస్థానంలో లెస్లీ కోల్‌మన్ 1909లో బంగాళాదుంప ఉంగరపు తెగులు గురించి, పూసా సంస్థలో హచిన్‌సన్ 1913లో రంగ్‌పూర్ పొగాకు వడలు తెగులు గురించి ప్రచురించారు. రెండూ రొక్కం తెచ్చే పంటలు. వలస పాలన దృష్టిలో పశువు నమిలే మొక్కకు ఆ స్థాయి ఉండే అవకాశమే లేదు.

3. పూనా నామకరణాలు

కేంబ్రిడ్జిలో డౌసన్ 1939లో పసుపురంగు సమూహాలుగా పెరిగే వృక్షవ్యాధి బ్యాక్టీరియాలన్నింటినీ ఒక ప్రజాతి కిందికి తెచ్చి జాంతోమోనాస్ అని పేరు పెట్టాడు. గ్రీకులో ‘జాంతోస్’ అంటే పసుపు. ఈ ప్రజాతికి భారతీయ అధ్యాయం రాసినవారు పూనాలోని ఎం.కె. పటేల్, ఆయన సహచరులు. 1940ల చివరి నుండి పదేళ్లపాటు ఆ బృందం పశ్చిమ కనుమల వాలులలో, పొలంగట్లపై, తోటలలో మచ్చలున్న ఆకు కనబడితే దానిని ప్రయోగశాలకు తెచ్చి, బ్యాక్టీరియాను వేరుచేసి, ఆతిథేయి మొక్క పేరుతో కొత్త జాతిగా ప్రకటిస్తూ వచ్చింది.

ఆ వరుసలో పప్పుజాతి మొక్కల వాటా చెప్పుకోదగ్గది. శాలపర్ణిపై వచ్చే బ్యాక్టీరియాను పటేల్, మోనిజ్ 1948లో వర్ణించారు. కందిపై ఆకుమచ్చ, కాండంపై పుండు కలిగించేదానిని కులకర్ణి, పటేల్, అభ్యంకర్ 1950లో. జీలుగ, అవిశల ప్రజాతి అయిన సెస్బేనియాపై వచ్చేదానిని పటేల్, కులకర్ణి, ధాండే 1952లో. గోరుచిక్కుడు తెగులును పటేల్, ధాండే, కులకర్ణి 1953లో. మేత బీళ్లలో సహజంగా మొలిచే అలిసికార్పస్‌పై వచ్చేదానిని భట్, పటేల్ 1954లో నమోదు చేశారు. చింత, తంగేడు ప్రజాతి, బాడిస ప్రజాతి కూడా ఆ పట్టికలోకి ఎక్కాయి. చివరకు 1959లో దేశాయి, షా జనుముపై కనిపించిన బ్యాక్టీరియాకు పటేల్ పేరే పెట్టి ‘జాంతోమోనాస్ పటేలీ’ అన్నారు. తెలంగాణ దుక్కిలో కలిసిపోయే జనుము మొక్క ఆకుపై వచ్చే మచ్చ ఆ విధంగా పూనా శాస్త్రవేత్త స్మారకమైంది.

ఈ పట్టికను చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. పేరు పుట్టిన చోటు వ్యాధి పుట్టిన చోటు కానక్కరలేదు. జనుము, జీలుగ, కంది దక్కను పీఠభూమి అంతటా ఉన్నాయి. పరికరాలు, శిష్యపరంపర, ‘కరెంట్ సైన్స్’, ‘ఇండియన్ ఫైటోపాథాలజీ’ వంటి పత్రికలకు వెంటనే రాయగల అలవాటు ఒకచోట చేరడం వల్ల పూనా పరిసరాలు వ్యాధుల పుట్టినిల్లుగా కనబడతాయి. మొక్కల వ్యాధుల భౌగోళిక పటాలు చాలావరకు ప్రయోగశాలల పటాలే. హైదరాబాదులో 1964లో వ్యవసాయ విశ్వవిద్యాలయం, 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ ఏర్పడేనాటికి పప్పుజాతి మొక్కలపై జాంతోమోనాస్ నామకరణాల తొలి ఉధృతి ముగిసింది.

ఆ కాలపు పద్ధతిలో మరొక చిక్కు ఉంది. ఆతిథేయికో పేరు చొప్పున పెడుతూ పోతే ప్రపంచం మొత్తం మీద జాంతోమోనాస్ జాతులు వంద దాటాయి. ప్రయోగశాలలో వాటిని పక్కపక్కన పెట్టి చూస్తే మొక్కపై వ్యాధి కలిగించే గుణం తప్ప వేరే తేడా దొరకలేదు. 1974లో వెలువడిన బెర్జీ బ్యాక్టీరియా నిర్దేశిక ఎనిమిదవ ముద్రణ వాటిలో అత్యధిక భాగాన్ని ఒకే జాతిలో కలిపివేసింది. 1980లో వచ్చిన ఆమోదిత నామావళి, పాథోవార్ నియమాలతో పూనా పేర్లు జాతి హోదా కోల్పోయి, ‘ఫలానా మొక్కకు సోకే రకం’ అన్న తోక పేర్లుగా మిగిలాయి. బెల్జియంలోని ఘెంట్‌లో వాటరిన్ బృందం 1995లో డీఎన్ఏ సామ్యాన్ని కొలిచి వీటిలో చాలావాటిని ‘జాంతోమోనాస్ ఆక్సోనోపోడిస్’ కిందికి మార్చింది. ఆ జాతికి మూలం 1950లో కొలంబియాలో ఒక మేతగడ్డిపై వర్ణించిన బ్యాక్టీరియా. భారతీయ కంది, జనుము, జీలుగ, గోరుచిక్కుడు తెగుళ్లు దక్షిణ అమెరికా పశుగ్రాసం ఇంటిపేరును స్వీకరించాయన్నమాట! బొబ్బర తెగులు బ్యాక్టీరియా తరువాత మళ్లీ ఇల్లు మారి నిమ్మ గజ్జి తెగులు కలిగించే జాతిలో చేరింది. ఇది వర్గీకరణ శాస్త్రవేత్తల గొడవ మాత్రమేనని కొట్టిపారేయడం సులువు. కానీ పాఠ్యపుస్తకంలో ఒక పేరు, విత్తన ప్రమాణాల్లో మరో పేరు, తాజా పరిశోధన పత్రంలో మూడో పేరు ఉన్నప్పుడు ఒకే తెగులు మూడు తెగుళ్లుగా కనిపిస్తుంది. వరి, నిమ్మ వంటి పంటలకు ఈ గందరగోళాన్ని విప్పి చెప్పే నిపుణులు చాలామంది ఉంటారు. పశుగ్రాసానికి ఉండేది తక్కువ.

4. గింజలో దాగిన తెగులు

గోరుచిక్కుడు బ్యాక్టీరియా మాడు తెగులు ఈ చరిత్రలో కీలకమైన ఉదాహరణ. వాన తుంపరలతో ఆకుపై నీటిలో నానినట్టుండే చిన్న మచ్చలు పుడతాయి. అవి కలిసి నల్లబడి ఆకు రాలుతుంది. బ్యాక్టీరియా ఆకు నుండి కాండంలోకి దిగితే నల్లని చారలు ఏర్పడి, కాండం చీలి, మొక్క పడిపోతుంది. బొబ్బరలో మచ్చ చుట్టూ పసుపు వలయం, కాండంపై పుండు, అక్కడే విరగడం ప్రధాన లక్షణాలు. రెండింటిలోనూ బ్యాక్టీరియా గింజలో దాగి మరుసటి సంవత్సరానికి, మరో ప్రాంతానికి ప్రయాణిస్తుంది. రోగగ్రస్తమైన గింజ మొలిచినప్పుడు బీజదళాలపైనే మచ్చలు కనిపించి, లేతమొక్క అక్కడికక్కడే చనిపోవచ్చు. బతికినదాని నుండి వాన చినుకులు చుట్టుపక్కల మొక్కలకు రోగాన్ని చిమ్ముతాయి.

గోరుచిక్కుడు భారత ఉపఖండం నుండి అమెరికాలోని టెక్సస్, ఓక్లహామాలకు చేరినప్పుడు ఈ తెగులు కూడా అక్కడ సమస్య అయింది. టెక్సస్‌లో 1964లో విడుదలైన ‘బ్రూక్స్’ రకానికి బ్యాక్టీరియా మాడు తెగులును, ఆల్టర్నేరియా ఆకుమచ్చను తట్టుకునే గుణం ఉండటమే ప్రధాన ఆకర్షణ. అక్కడ ఆ శ్రద్ధకు కారణం పశువులు కావు, గింజలోని జిగురు. కాగితం, ఆహారం, చమురు బావుల పరిశ్రమలు ఆ జిగురును కొన్నాయి. కొసమెరుపుగా, జాంతోమోనాస్ తయారుచేసే జిగట పదార్థం కూడా 1960లలో పరిశ్రమకెక్కింది. 1969లో అమెరికా దానిని ఆహారంలో అనుమతించింది. నేడు పచ్చళ్ల సీసాల మీద, ఐస్‌క్రీం డబ్బాల మీద గ్వార్ గమ్, జాంతన్ గమ్ అన్న రెండు పేర్లు పక్కపక్కనే కనిపిస్తాయి. మొదటిది మొక్క నుండి, రెండవది ఆ మొక్కకు శత్రువైన బ్యాక్టీరియా కుటుంబం నుండి!

మేత రైతు ఈ తెగులును ఎందుకు పెద్దగా పట్టించుకోడు? ఇక్కడే మొదట చెప్పిన కొడవలి మాట పనికివస్తుంది. మేత బొబ్బరను రెండు నెలల లోపే కోస్తారు. జీలుగను, జనుమును నెలన్నరకే దున్నుతారు. ఆకు మీద నాలుగు మచ్చలున్నా పశువు తింటుంది, మట్టి అసలే అడగదు. తెగులు తన పూర్తి రూపం చూపించేది కాయ కట్టి గింజ ముదిరే వరకు మడిలో ఉంచిన పైరు మీద. అందువల్ల ఇది ఆచరణలో విత్తనం పండించేవాడి నష్టంగానే లెక్కకు వస్తుంది. మేత పెంచేవాడికి అది మొలకలు పలచబడటంగా, ‘ఈసారి గింజ బాగాలేదు’ అన్న మాటగా మాత్రమే అందుతుంది. వ్యాధి ఒకచోట, దాని ఫలితం ఇంకొకచోట ఉండటం వల్ల రెండింటికీ మధ్య సంబంధం పొలంలో నిలబడి చూసేవారికి అందదు.

నివారణ చరిత్ర కూడా విత్తనం చుట్టూనే తిరిగింది. గోరుచిక్కుడు గింజను 56 డిగ్రీల సెంటీగ్రేడు వేడినీటిలో 10 నిమిషాలు ఉంచే పద్ధతి పాత సిఫార్సులలో ఒకటి. వేడి కొంచెం తక్కువైతే బ్యాక్టీరియా బతుకుతుంది, ఎక్కువైతే మొలక చస్తుంది. పల్లెలో అంత కచ్చితంగా ఉష్ణోగ్రతను నిలపడం కష్టం. తరువాత యాంటీబయాటిక్ మందులు వచ్చాయి. 1954లో పూనా సమీపంలోని పింప్రిలో ప్రభుత్వ రంగంలో స్థాపించిన హిందుస్థాన్ యాంటీబయాటిక్స్ స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ కలిపి తయారుచేసిన స్ట్రెప్టోసైక్లిన్ పొడి ఈ తెగుళ్లన్నింటికీ సాధారణ సలహాగా మారింది. తెగుళ్ల పేర్లు, మందు రెండూ ఒకే ఊరి పరిసరాల నుండి వచ్చాయి. అయితే మనుషుల వైద్యంలో యాంటీబయాటిక్ నిరోధకత పెరగడంతో 2021 డిసెంబరులో కేంద్ర వ్యవసాయ మంత్రిత్వ శాఖ వీటిని సాగులో నిషేధించే ముసాయిదా ఉత్తర్వు వెలువరించింది. రసాయన మార్గం ఇరుకవుతున్నకొద్దీ ఆరోగ్యవంతమైన విత్తనం అన్న పాత మార్గానికి విలువ పెరుగుతుంది.

5. బీళ్ల శాస్త్రంలో బ్యాక్టీరియా స్థానం

ఉష్ణమండల పశుగ్రాసాలను ఒక ప్రత్యేక శాస్త్రంగా రూపొందించిన ఘనత ప్రధానంగా ఆస్ట్రేలియాకు, తరువాత కొలంబియాలోని కాలి నగరం దగ్గర 1967లో ఏర్పడిన అంతర్జాతీయ ఉష్ణమండల వ్యవసాయ కేంద్రానికి దక్కుతుంది. ఆస్ట్రేలియాలో మార్క్ హటన్ రూపొందించి 1960లో విడుదల చేసిన ‘సిరాట్రో’ ఉష్ణమండల పప్పుజాతి మేతలలో మానవ ప్రయత్నంతో సంకరపరచిన తొలితరం రకం. బర్క్‌హోల్డర్ బీన్స్‌పై వర్ణించిన పసుపు వలయపు మచ్చ తెగులు సిరాట్రోపై కూడా చల్లని, తేమగల ఎత్తైన ప్రాంతాలలో కనిపించింది. కొలంబియాలో సెంట్రోసెమా మేతపై సూడోమోనాస్ వల్ల మాడు తెగులు వచ్చింది.

అయినా ఆ శాస్త్రం దృష్టిని శాసించింది శిలీంధ్రమే. 1970లలో ఉత్తర ఆస్ట్రేలియాలో ఆంత్రక్నోస్ తెగులు టౌన్స్‌విల్ స్టైలో బీళ్లను తుడిచిపెట్టడంతో మేత వ్యాధులంటే శిలీంధ్ర వ్యాధులేనన్న భావన స్థిరపడింది. లెన్నే, ట్రుట్‌మన్ సంపాదకత్వంలో 1994లో వచ్చిన ఉష్ణమండల బీళ్ల వ్యాధుల గ్రంథం బ్యాక్టీరియాకు కూడా చోటు కల్పించింది కానీ, పరిశోధన నిధులు ఆంత్రక్నోస్ వెంటే నడిచాయి. భారతదేశంలోనూ ఇదే కథ. స్టైలో గింజ ఉత్పత్తిలో అనంతపురం జిల్లా చిన్న రైతులది దేశంలోనే ముఖ్యస్థానం. ఆ గింజ బంజర్ల పునరుద్ధరణకు, గని మట్టి గుట్టలను పచ్చబరచే పనులకు దేశమంతటా వెళ్లింది. నత్రజని లేని గని మట్టిలో ముందుగా నిలదొక్కుకోగలిగేది వేరు బుడిపెలున్న మొక్క. ఆ గింజకు ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలతో కలిసి భారతీయ సంస్థలు చేసిన పరిశోధన కూడా ఆంత్రక్నోస్ నిరోధకత కోసమే.

6. బొగ్గు, యూరియా, వరి

పెద్దపల్లి జిల్లాలో ఈ కథకు మరో కోణం ఉంది. సింగరేణి సంస్థ 1960ల ఆరంభం నుండి గోదావరిఖని ప్రాంతంలో బొగ్గు తవ్వడం మొదలుపెట్టింది. ఆ బొగ్గునే ముడిసరుకుగా వాడుకుని యూరియా చేసే కర్మాగారాన్ని భారత ఎరువుల సంస్థ రామగుండంలో 1980లో ప్రారంభించింది. ఒరిస్సాలోని తాల్చేరు కర్మాగారం దీనికి జంట. విద్యుత్ కొరత, సాంకేతిక ఇబ్బందులు, నష్టాల మధ్య అది 1999లో మూతపడింది. అదే స్థలంలో సహజవాయువు ఆధారంగా నిర్మించిన రామగుండం ఫర్టిలైజర్స్ కర్మాగారం 2021 మార్చి 22న వాణిజ్య ఉత్పత్తి మొదలుపెట్టింది, సంవత్సరానికి 12.7 లక్షల టన్నుల వేపపూత యూరియా దాని సామర్థ్యం. 2022 నవంబరు 12న ప్రధానమంత్రి దానిని జాతికి అంకితం చేశారు.

జీలుగ చేసే పనీ, కర్మాగారం చేసే పనీ రసాయనికంగా ఒకటే: గాలిలోని నత్రజనిని పైరుకు అందే రూపంలోకి మార్చడం. బాగా పెరిగిన జీలుగ హెక్టారుకు సుమారు 60 నుండి 80 కిలోల నత్రజనిని చేరుస్తుందని వ్యవసాయ శాస్త్రం లెక్కగడుతుంది. 45 కిలోల యూరియా బస్తాలో ఉండేది 20.7 కిలోలు. నాలుగు బస్తాలకు కాస్త అటూఇటూ సరిపోయే పనిని నెలన్నరలో ఒక మొక్క చేస్తుంది. కానీ ఆ నెలన్నర మడి ఖాళీగా ఉండాలి, నీరుండాలి, గింజ సకాలంలో దొరకాలి, దొరికిన గింజ మొలవాలి. బస్తాకు ఈ షరతులేవీ లేవు. కాలువ కింద రెండు పంటలు వచ్చాక పచ్చిరొట్ట వెనుకబడటానికి, దానితోపాటు దాని తెగుళ్లు ఎవరి దృష్టికీ రాకుండా పోవడానికి ఇంతకంటే వేరే కారణం వెతకనక్కరలేదు.

ఈలోగా అదే మడిలో అదే ప్రజాతికి చెందిన మరో బ్యాక్టీరియా పేరు మోగిపోయింది. వరి బ్యాక్టీరియా ఎండాకు తెగులును జపాన్‌లో 1884లోనే రైతులు గుర్తించారు. ఇషియామా 1922లో కారకాన్ని వర్ణించాడు. భారతదేశంలో శ్రీనివాసన్, తిరుమలాచార్, పటేల్ 1959లో దీనిని నివేదించారు. తరువాత నాలుగేళ్లకు, 1963లో, బీహార్‌లోని షాహాబాద్ ప్రాంతంలో అది మహమ్మారిగా చెలరేగింది. పొట్టి వంగడాలు, దండిగా వేసిన నత్రజని ఎరువు ఆ తెగులుకు అనుకూలించాయి. యూరియా మోతాదు మించితే ఎండాకు తెగులు ఉధృతమవుతుందన్నది నేడు తెలంగాణలో ప్రతి వ్యవసాయాధికారి చెప్పే మాట. హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం, వరి పరిశోధన సంచాలకాలయం కలిసి మూడు నిరోధక జన్యువులను సాంబ మసూరిలోకి చేర్చి ‘ఇంప్రూవ్డ్ సాంబ మసూరి’ని రూపొందించాయి; అది 2008లో విడుదలైంది. ఒక జాంతోమోనాస్ కోసం ఇంత విజ్ఞానం సమీకృతమైంది. దాని సోదర బ్యాక్టీరియాలు సోకే జనుము, జీలుగలకు ఆ విజ్ఞానంలో వీసమెత్తు కూడా దక్కలేదు.

ఇది అన్యాయమని తేల్చడం తొందరపాటు. కోట్లమంది తినే బియ్యానికి, దుక్కిలో కలిసిపోయే రొట్టకు సమాన నిధులు కోరడంలో అర్థం లేదు. అయితే పచ్చిరొట్ట పైరు సరిగా మొలవని చోట ఆ లోటును రైతు యూరియాతో భర్తీ చేస్తాడు. ఎక్కువైన యూరియా వరిలో ఎండాకు తెగులుకు దారి తీస్తుంది. రెండు తెగుళ్లను వేర్వేరు శాఖలు, వేర్వేరు పత్రికలు పరిశీలించినా మడి మాత్రం ఒకటే.

7. బస్తా దగ్గర చేయదగిన పరీక్ష

తెలంగాణ ప్రభుత్వం రాయితీపై పంపిణీ చేసే జీలుగ, జనుము గింజలో ఎక్కువ భాగం ఇతర రాష్ట్రాలలో పండినదే. గింజ వెంట బ్యాక్టీరియా వచ్చే వ్యాధులకు ఇటువంటి దూరప్రయాణం అత్యంత అనుకూలం. 1966 నాటి విత్తన చట్టం కింద సంచికి కట్టే చీటీపై మొలక శాతం, భౌతిక స్వచ్ఛత వంటి వివరాలు ఉంటాయి. తెగుళ్ల సంగతి తేలేది ధ్రువీకరణకు నమోదైన విత్తన క్షేత్రంలో అధికారులు జరిపే తనిఖీలో మాత్రమే. గోరుచిక్కుడుకు బ్యాక్టీరియా మాడు తెగులు అటువంటి తనిఖీలో చూడవలసిన నిర్దేశిత వ్యాధులలో ఒకటి. ధ్రువీకరణ లేకుండా చీటీ మాత్రమే కట్టి అమ్మే గింజకు ఆ వడపోత ఉండదు.

మొలక శాతం కోసం ప్రతి విత్తన పరీక్ష కేంద్రం 400 గింజలను మొలకెత్తిస్తుంది. సాధారణ మొలకలు, వికృత మొలకలు, చచ్చిన గింజలు అని లెక్క వేసి పళ్లేలను కడిగేస్తారు. బీజదళాలపై నీటిమచ్చలున్న మొలకలను విడిగా లెక్కించి, అనుమానం ఉన్న మొలక కాడను కోసి నీటిచుక్కలో పెట్టి సూక్ష్మదర్శినిలో చూస్తే, బ్యాక్టీరియా పొగమంచులా బయటికి ప్రవహించడం నిమిషాల్లో కనిపిస్తుంది. ఇందుకు కొత్త పరికరం అవసరం లేదు. వర్షాలకు ముందు, ఏప్రిల్‌లో, గింజ గిడ్డంగికి చేరినప్పుడే ఈ లెక్క జరగాలి. బస్తాలు మండల కేంద్రాలకు వెళ్లాక జరిగితే రైతుకు ఉపయోగం ఉండదు.